పడవ స్తంభం మీద తెల్ల బూడిద

పెళ్లికి పోయినా నా కళ్లు పందిరికి కొట్టిన మేకుల మీదే ఉంటాయి. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, గంట వేలాడే కొక్కేన్ని ఎప్పుడు మార్చారో అని నా మనసు పీకుతుంది. బస్సెక్కితే ముందు సీటు బోల్టు కదిలించి చూస్తాను. పక్కవాడు నన్ను దొంగ అనుకుని జేబు పట్టుకోవడం కూడా జరిగింది. "కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతవేందయ్యా, జర ఒక్కదగ్గర కూసో" అని మా ఆవిడ జీవితమంతా మొత్తుకుంది. కూర్చోలేదు. రెండు లోహాలను కలిపి బిగించే పనిలో ఉన్నవాడికి కుదురు ఉండకూడదు. కుదురు కావాలంటే గుమస్తా పని చూసుకోవాలి.

కొత్తగా ఫిట్టర్లయిన పిల్లలు వచ్చి, "తాతా, నువ్వెట్ల పైకొచ్చినవ్?" అని అడుగుతారు. నేనెక్కడికీ పైకి రాలేదు. వచ్చినా ఆ సంగతి మీకెందుకు? మీకు పనికొచ్చేది ఒకటే చెబుతాను. అల్యూమినియానికి స్టీలును బిగించేటప్పుడు ఏం చేయాలి, ఎందుకు చేయాలి, అంతా చేశాక కూడా ఎందుకు నిశ్చింతగా ఉండకూడదు. ఈ మాట నేర్చుకునేటప్పుడు మా ఏసోబు బావ తలకాయ, ఆయన నౌకరీ, రెండూ పోవాల్సినవే. అక్కడికి వస్తాను. ముందు గిన్నె సంగతి.

గిన్నె చెవి

మా ఇల్లు అమీర్‌పేటలో. ఇంటి వెనక సందులో గిన్నెలు బాగుచేసే దుకాణం ఉండేది. నా చేతికి మొదట సుత్తి ఇచ్చింది వాళ్లే. అప్పటికి ఇళ్లలోకి సిల్వర్ గిన్నెలు కొత్తగా వస్తున్నాయి. అల్యూమినియం అనే పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఎత్తితే తేలిక, తోమితే తెలుపు, కళాయి పూయించే పని లేదు. తుప్పు పట్టనే పట్టదని అమ్మేవాడు తల్లి మీద ఒట్టు వేసేవాడు.

మా చిన్నమ్మ ఇంట్లో పెద్ద సిల్వర్ గిన్నెకు చెవి వదులైంది. నేను చేతికందిన ఇనుప రివిట్ కొట్టి బిగించాను. ఏనుగు లాగినా రాదని కూడా అన్నాను. ఆ గిన్నెలో కొన్నాళ్లు చింతపండు పులుసు కాగింది, ఉప్పు కాగింది. తరువాత చిన్నమ్మ కూతురి ప్రధానం వచ్చింది. బంతి మధ్యలో పప్పుచారు గిన్నె ఎత్తారో లేదో, చెవి చేతిలోకి వచ్చేసింది. పప్పుచారు పోయి పెళ్లికొడుకు మేనమామ తెల్ల పైజామా మీద పడింది. ఆయన గంతులేసిన తీరు చూసి మా అక్క మరియమ్మ నవ్వు ఆపుకోలేక దొడ్లోకి పరుగెత్తింది.

అందరూ నన్ను తిట్టారు. తిట్లు ఒక చెవిలోంచి పోయాయి. నన్ను తొలిచింది వేరే విషయం. గిన్నె కడిగి చూస్తే ఇనుప రివిట్ గట్టిగానే ఉంది. దాని చుట్టూ ఉన్న సిల్వర్ మాత్రం తెల్లటి బూడిదై రాలిపోయింది. గట్టిగా ఉన్నదానికి ఏమీ కాకుండా పక్కనున్నది ఎందుకు పోయింది? ఆ దుకాణంలో అడిగితే, "దిష్టి తగిలింది" అన్నారు. ఆ జవాబుతో నాకు తృప్తి కలగలేదు. ఆ దుకాణంలో నేను ఎక్కువ కాలం నిలవలేదు కూడా.

పెరేరా మాట

లడాయి, అంటే రెండో ప్రపంచ యుద్ధం, మొదలయ్యాక బేగంపేట విమానాల షెడ్లలో మనుషులు కావాల్సి వచ్చి నన్ను తీసుకున్నారు. మా వాళ్లు వాటిని గాలిమోటర్లు అనేవారు. అక్కడ మా ఫోర్‌మన్ పెరేరా, గోవా మనిషి. ఆయనకు తెలుగు రాదు, నాకు ఆయన భాష రాదు. మా ఇద్దరి మధ్య నడిచింది ఒకే మాట, "నికాలో". బిగించిన బోల్టు మీద వేలు పెట్టి, "నికాలో" అనేవాడు. తీసి చూపాలి. బోల్టు పొడిగా కనబడితే మొహం మీదే విసిరేవాడు. మంచి మనిషి అని చెప్పను. పని తెలిసిన మనిషి.

గిన్నె చెవి ఎందుకు ఊడిందో నాకు ఆయన దగ్గర తెలిసింది. స్టీలు, అల్యూమినియం సవతుల్లాంటివి. ఎండలో, పొడిలో ఒకే ఇంట్లో సర్దుకుంటాయి. మధ్యలోకి తడి వచ్చిందా, కొట్లాట మొదలు. ఆ కొట్లాటలో చాలాసార్లు అల్యూమినియమే అరిగిపోతుంది. ఉప్పు, పులుపు తోడైతే ఇంకా తొందరగా పోతుంది. అందుకని రెండింటి మధ్య గోడ కట్టాలి. బెజ్జం వేశాక అంచుల గరుకు తీసేయాలి. జింకు కలిసిన పసుపుపచ్చ ముద్ద ఒకటి ఉండేది, దాన్ని రెండు మొహాలకూ పూయాలి. స్టీలు పట్టీకి, అల్యూమినియానికి మధ్య ఫైబరు అట్ట పెట్టాలి. బోల్టు ఒంటికి ఒక ఫైబరు గొట్టం తొడగాలి, తల కింద ఫైబరు వాషర్ వేయాలి. బోల్టును ముద్దలో ముంచి తడిగా ఉండగానే దూర్చాలి. చివరికి అంచు చుట్టూ మళ్లీ ముద్ద పూసి మూసేయాలి. ఆ పసుపు ముద్ద విషం. మేం అది అంటిన చేతులతోనే రొట్టె తిన్నాం, మీరు ఆ పని చేయకండి.

ఇంకో మాట. ఇనుప గేట్లకు ఎర్ర సింధూరం రంగు పూసే అలవాటు మన చేతులకు ఉంది. దాన్ని అల్యూమినియానికి పూయకూడదు. అందులో ఉన్న సీసం కూడా ఆ కొట్లాటలోకే దిగుతుంది. మాతో పనిచేసిన ఒకాయన ఎంతో భక్తిగా రెక్క కింద ఎర్రరంగు పూశాడు. పెరేరా అతనితో అదంతా గీకించిన రోజు మేమెవరమూ తల ఎత్తలేదు.

పెరేరాకు ఇంకో నియమం ఉండేది. రిపేరు చేసినవాడు, ఆ విమానం మొదటిసారి లేచినప్పుడు అందులో కూర్చోవాలి. నేను కూర్చున్నాను, వాంతి చేసుకున్నాను. దిగాక ఆయన నా భుజం తట్టలేదు. ఆ నియమం ఎందుకు పెట్టాడో మాత్రం నాకు ఆకాశంలోనే అర్థమైంది. నేను బిగించిన ప్రతి బోల్టూ అక్కడ పేరుపేరునా గుర్తొచ్చింది.

దొర పడవ

లడాయి అయిపోయాక షెడ్లలో మనుషులను తగ్గించారు. నేను పంజాగుట్ట మలుపులో కరీం సాబ్ వర్క్‌షాప్‌లో చేరాను. కరీం సాబ్ చేతికి ఎముక లేని మనిషి. పనివాళ్ల ఇళ్లలో జబ్బు చేస్తే తన బగ్గీ పంపేవాడు. ఆయనకు ఉన్న లోపం ఒకటే, మెరుపు పిచ్చి. వస్తువు మెరిస్తే బాగున్నట్టే అనుకునేవాడు. మంచివాడైన యజమానికి ఎదురు చెప్పడం, చెడ్డవాడికి చెప్పడం కన్నా కష్టం. ఇది రాసి పెట్టుకోండి.

పంజాగుట్టలో తోట, బంగళా ఉన్న ఒక జాగీర్దారు ఉండేవాడు. అందరం దొర అనేవాళ్లం. ఆయనకు హుసేన్ సాగర్‌లో తెరచాప పడవ ఉంది. పడవ నడిపేది మా ఏసోబు బావ, మరియమ్మ అక్క భర్త. పడవ స్తంభం చీలిపోతే, లడాయి సామాను అమ్మకంలో దొరికిన అల్యూమినియం గొట్టాన్ని దానికి పెట్టాలని దొరకు బుద్ధి పుట్టింది. ఆ పని నా చేతికి వచ్చింది.

స్తంభానికి మనిషి కూర్చుంటే భుజం ఎత్తున ఒక స్టీలు పట్టీ వస్తుంది. తెరచాప అడుగును పట్టి ఉంచే అడ్డకర్ర ఆ పట్టీలోనే తిరుగుతుంది. గాలి బలమంతా అక్కడ పడుతుంది. ఆ చోట గొట్టం బలహీనపడిందంటే అడ్డకర్ర ఊడి వచ్చి తల పగలగొడుతుంది, లేదా స్తంభమే విరిగి పడుతుంది. ఆ పట్టీ పక్కనే, తాడు పట్టుకుని, బావ కూర్చుంటాడు.

నేను పెరేరా చెప్పింది చెప్పినట్టు చేశాను. మంచి నీళ్ల చెరువుకు ఇంత హడావిడి దేనికని కరీం సాబ్ నవ్వాడు. నేను వినలేదు. గొట్టం లోపల నీళ్లు నిలవకుండా అడుగున బెజ్జం కూడా వేశాను. ఆ పనిలో ఇప్పటికీ నేను తప్పు పట్టలేను. అందుకే తరువాత జరిగింది నన్ను అంతగా ఆడించింది.

ఒక పక్కనే

వానలు వెళ్లాక ఓ సాయంత్రం బావ కోసం ఒడ్డుకు పోయాను. పడవను గట్టు మీదికి లాగి ఉంచారు. పట్టీ కింద అంచున తెల్లటి బూడిద కనిపించింది. వేలితో తుడిస్తే పోయింది. రెండు రోజులాగి పోతే మళ్లీ ఉంది. పట్టీకి ఎడమ పక్కనే ఉంది, కుడి పక్క శుభ్రంగా ఉంది.

చిన్నమ్మ గిన్నె నా కళ్ల ముందుకొచ్చింది. నాకు అన్నం సహించలేదు. నేను కట్టిన గోడ ఎక్కడ పగిలింది? పగిలితే చుట్టూ పగలాలి కదా, ఒక పక్కనే ఎందుకు? ఎండ అనుకున్నాను, వాన జల్లు అనుకున్నాను, అట్ట నాసిరకం అనుకున్నాను. రోజూ పని వదలగానే పంజాగుట్ట నుంచి సాగర్ దాకా నడిచేవాడిని, చూసేవాడిని, ఏమీ తోచక తిరిగొచ్చేవాడిని. బావ పకపకా నవ్వేవాడు. "కొయ్యకు జ్వరమొచ్చిందారా బామ్మర్దీ, దినాం నాడి చూస్తున్నవ్?" అనేవాడు. అది గొట్టమైనా ఆయనకు కొయ్యే.

చివరికి కరీం సాబ్‌తో చెప్పాను, పట్టీ విప్పి చూడాలని.

"అరె దానియేల్, మీఠా పానీ, సముద్రమా ఏందీ?" అన్నాడు. "ఐతారం దొర కొత్త వియ్యంకులు వస్తున్నరు. పిల్లాజెల్లా అందరు పడవ ఎక్కుతరు. ఇప్పుడు ఇప్పుతె మళ్ల ఎప్పుడు బిగిస్తవ్? జర తుడువు, వెండి రంగు పూయి. బస్."

"రంగు కింద ఏముందో తెల్వద్ సాబ్."

"నీకు ఫికర్ ఎక్కువ. నా పేరు ఖరాబ్ చేయకు."

ఆయన కోప్పడలేదు. నా చేతిలో రంగు డబ్బా పెట్టాడు. అదే నాకు ఇంకా కష్టంగా తోచింది.

ఆ వేలు

శనివారం ఒడ్డుకు పోయాను. ఒక చేతిలో రంగు డబ్బా, ఇంకో చేతిలో పానా. పానా చూడగానే బావ లేచి నిలబడ్డాడు.

"దొర హుకుం లేకుండ ముట్టకు."

"ఒక్క బోల్టు ఇప్పి చూస్త బావా."

"ఇప్పినంక లోపల మంచిగుంటె? రేపటికి పడవ తయారు లేదని నన్ను వెళ్లగొడతడు. గీ నౌకరీ పోతె నన్నెవడు పెట్టుకుంటడు? బోరబండ గుట్టల మీద రాళ్లు గొట్టాల్నా గీ వయసుల?"

"మంచిగ లేకుంటె? అడ్డకర్ర నీ నెత్తిన పడుతది."

"పడితె పడనియ్. నెత్తి నాది."

"నెత్తి నీదే, పెండ్లాం మా అక్క."

 మాట అక్క మీదికి వచ్చినప్పుడల్లా ఏం చేస్తాడో అదే చేశాడు. తన చోట కూర్చుని నడుముకు దోపుకున్న సంచి విప్పాడు. తమలపాకు తీశాడు, డబ్బీలోంచి చూపుడు వేలితో సున్నం తీసి ఆకుకు రాశాడు, వక్క పెట్టి మడిచి నోట్లో వేసుకున్నాడు. వేలి కొసన ఇంకా సున్నం మిగిలింది. నా వైపే చూస్తూ, చేయి పక్కకు చాపి, ఆ వేలిని స్తంభానికి తుడిచేశాడు. పట్టీకి కొంచెం పైన, ఎడమ పక్కన.

 పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"బావా, ఏం జేసినవ్?"

"ఏం జేసిన?"

"గా వేలు."

"సున్నం ఎక్కువైంది, తుడిసిన."

"దినాం గీడనే తుడుస్తవా?"

"మరి యాడ తుడవాలె, అంగీకా? మీ అక్క సంపుతది."

మన ఊళ్లో ఏ గోడ చూసినా, ఏ స్తంభం చూసినా, చేయి అందేంత ఎత్తున ఆ తెల్లటి చారలుంటాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అంతగా చూసినందుకే అవి నా కంటికి ఆనలేదు. అల్యూమినియం ఒంటి మీద సన్నటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని కాపాడేది అదే. తడి సున్నం తగిలితే ఆ పొర పోతుంది. ఆ సున్నం వాన నీటితో జారి పట్టీ అంచులోకి దిగుతుంది. ఎండాకాలమూ వానాకాలమూ అదే పని. నేను వాన రాకుండా, చెరువు రాకుండా గోడ కట్టాను. పాన్ వస్తుందని పెరేరాకు తెలియదు, నాకు తట్టలేదు.

హుకుం సంగతి మర్చిపోయి బోల్టు విప్పాను. ఈసారి బావ ఆపలేదు. పట్టీ పక్కకు జరిపి బొటనవేలితో నొక్కితే గొట్టం నానిన అట్టలా లోపలికి పోయింది. వేలు గోరు దాకా దిగింది. బావ ఆ బెజ్జాన్ని చూశాడు, తాను కూర్చునే చోటు చూశాడు, నెత్తిన చేయి పెట్టుకున్నాడు.

"యేసయ్యా," అన్నాడు మెల్లగా. "రేపు పిల్లలు ఎక్కుతుండ్రి గదరా."

దొర తీర్పు

సరిగ్గా అప్పుడే దొర, కరీం సాబ్ మోటారు దిగారు. రేపటి ఏర్పాటు చూసుకోవడానికి వచ్చారు. విప్పిన పట్టీ చూసి కరీం సాబ్ మొహం నల్లబడింది. దొర బెజ్జంలోకి తొంగి చూసి, "ఎవని పని గిది?" అన్నాడు. కరీం సాబ్ చూపు నా మీదికి వచ్చింది. పని చెడితే ఫిట్టర్ వైపు చూడటం లోకరీతి.

నేను కోపిష్టిని. అది నా పని కాదు, సున్నం పని అని గట్టిగానే చెప్పాను. చెప్పాక తెలిసింది, సున్నం అనగానే ఎవరి పేరు చెప్పినట్టయిందో. బావ తల దించుకున్నాడు.

"పాన్ దిని నా పడవనే దింటివా ఏసోబూ?" అన్నాడు దొర. "రేపటి నుంచి రాకు. ఇంకొకణ్ని చూసుకుంట."

"దొరా, తప్పయింది," అన్నాడు బావ.   తల కాపాడబోయి నౌకరీ తీశాను. అక్కకు మొహం ఎలా చూపించాలి?

దొర ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. క్రమశిక్షణ లేదన్నాడు, నౌకర్లకు వస్తువు విలువ తెలియదన్నాడు. మాటల మధ్యలో వెనకనున్న నౌకరు పాన్‌దాన్ తెరిచి పట్టాడు. దొర చుట్టిన బీడా ఒకటి బుగ్గన పెట్టుకున్నాడు. మాకు తెలిసినవాళ్లలో సగం మంది చేసినట్టే, పైన చప్పరించడానికి వేలి కొసన ఇంత సున్నం తీసుకుని నాలుకకు రాసుకున్నాడు. మిగిలినదాన్ని, మాట ఆపకుండానే, చేయి చాచి స్తంభానికి రాసేశాడు.

 కరీం సాబ్ ఆ చారను చూశాడు. నేను తల ఎత్తి చూశాను. అదే ఎడమ పక్కన, నిలబడిన మనిషి చేయి అందే ఎత్తున, నేను ఎన్నడూ చూడని చోట, పాత చారలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అక్కడి నుంచి సన్నటి కాలువల్లా పట్టీ దాకా జారి ఉన్నాయి. బావ సున్నం ఎంత, దొర సున్నం ఎంత, అది దేవుడే తేల్చాలి.

ఎవరమూ ఏమీ అనలేదు. అననందుకే ఆ రోజు పని జరిగిందని నా నమ్మకం. దొర తన వేలిని చూసుకుని, జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు. "ఐతారం వియ్యంకులకు తోట చూపిద్దాం. పడవ తర్వాత," అని మోటారు వైపు నడిచాడు. రావద్దన్న మాటను వెనక్కి తీసుకోలేదు. పెద్దవాళ్లు మాట వెనక్కి తీసుకోరు, వదిలేస్తారంతే. కరీం సాబ్ మాత్రం కోటు విప్పి గట్టు మీద పెట్టి, "చలో ఏసోబ్, కొయ్య దించు, ఒక పక్క నేను పట్టుకుంట," అన్నాడు. బావ నౌకరీ తిరిగి వచ్చింది ఆ మాటతోనే. నా చేతిలోని వెండి రంగు డబ్బా కూడా ఆయనే తీసుకుని మోటారులో పడేశాడు.

మొదటి చక్కరు

పాడైన చోట లోపలి నుంచి అదే లోహపు గొట్టం తొడిగాను, అదే లోహపు రివిట్లు కొట్టాను. పట్టీని ఎత్తు మార్చి, మళ్లీ గోడ కట్టి బిగించాను. స్తంభానికి ఒక గుడ్డపీలిక వేలాడదీసి, వేళ్లు దీనికి తుడుచుకోమని బావకు చెప్పాను. "దొరకు నువ్వే చెప్పు," అన్నాడు. నేను చెప్పలేదు. ఆ గుడ్డను కొన్నాళ్ల తరువాత కరీం సాబ్ తెల్ల పట్టు రుమాలుగా మార్చాడు. దానికైతే దొర కూడా తుడిచేవాడని విన్నాను.

పిల్లలూ, నీళ్లు ఉప్పువా మంచివా అని అందరూ అడుగుతారు. మీరు ఇంకోటి కూడా అడగండి. అక్కడ కూర్చునేది ఎవరు, పని లేనప్పుడు వాడి చేతులు ఏం చేస్తాయి? దాన్ని తోమేవాళ్లు బూడిదతో తోముతారా, చింతపండుతోనా? పెరేరా ముద్ద అన్ని ఊళ్లకూ ఒకటే. వేళ్లు మాత్రం ఊరికో తీరు.

పడవ నీళ్లలోకి దింపిన రోజు గాలి బాగా ఉంది. బావ తన చోట కూర్చోకుండా ఒడ్డునే నిలబడ్డాడు.

"నీ పని మీద నీకు నమ్మకముందా?"

"ఉంది."

"అయితె నువ్వు సుత ఎక్కు."

నాకు ఈత రాదు. పెరేరా ఒడ్డున నిలబడి చూస్తున్నట్టే తోచింది. ఎక్కి స్తంభం పక్కన బావను ఆనుకుని కూర్చున్నాను. తెరచాప ఒక్కసారి గాలి పట్టింది, అడ్డకర్ర పట్టీలో కిర్రుమంది, పడవ ఒక పక్కకు ఒరిగింది. నేను ప్రతి బోల్టునూ మనసులోనే విప్పి చూసుకున్నాను. ఒక్కటి కూడా పొడిగా లేదు. అయినా పడవ అంచును మాత్రం వదల్లేదు.

చెరువు మధ్యకు వచ్చాక బావ తాడును కాలితో తొక్కిపట్టి సంచి తీశాడు. ఆకు, సున్నం, వక్క. మడిచి నోట్లో పెట్టుకున్నాడు. వేలి కొసన సున్నం మిగిలింది. చేయి అలవాటుగా స్తంభం వైపు లేచి, సగంలో ఆగింది. గాలికి గుడ్డపీలిక అవతలికి చుట్టుకుపోయి ఉంది. ఆయన స్తంభాన్ని చూశాడు, తన అంగీని చూసుకున్నాడు, అక్కను తలుచుకున్నట్టున్నాడు.

తరువాత ఎంతో నిదానంగా, ఆ వేలిని నా కొత్త చొక్కా భుజానికి తుడిచేశాడు.

"నువ్వు సిల్వర్‌వి కాదు గద, నీకేం గాదు," అన్నాడు.

నేను ఆ భుజం కదపలేదు. ఒడ్డు చేరేదాకా అలాగే కూర్చున్నాను. నా జీవితంలో అంతసేపు కుదురుగా కూర్చున్నది ఆ ఒక్కసారే.